రాని పిల్లల చోటు

కంబగిరి స్వామికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు, చెప్పులు తొడుక్కుంటాడు. ఎంత దూరమని అడిగితే ఇంకాస్త దూరం నడిపిస్తాడు కాబట్టి ఆ మాట ఎవరూ అడగరు.

ఆ రోజు ప్రశ్న వేసింది సుంకన్న. పెళ్ళయి ఏళ్ళు గడిచినా అతని భార్య ఓబుళమ్మ కడుపు పండలేదు. ఇప్పుడు ముట్టు కూడా ఆగిపోయింది. ఎవరో చేతబడి చేశారని తేల్చేసి తల్లి అతనికి రెండో పెళ్ళికి పిల్లను ఖాయం చేయబోతోంది. భార్య అంటే సుంకన్నకు ప్రాణం. తల్లికి ఎదురు చెప్పే నోరు మాత్రం లేదు.

"గర్భాన్ని మూసేది ఎవరు స్వామీ?" అన్నాడు.

స్వామి అతన్ని కొండ వెనక పల్లెకు తీసుకెళ్ళాడు. అక్కడ అమ్మవారి జాతర. మిట్టమధ్యాహ్నం పిల్లలకు అంబలి పోస్తున్నారు. ఆ ఊరి పద్ధతి ప్రకారం పొట్టివాళ్ళ నుంచి పొడుగువాళ్ళ దాకా వరసగా కూర్చోబెట్టారు. వరస మధ్యలో కొంతమేర ఖాళీ. చోటెందుకు వృథా అని సుంకన్న ఒక పిల్లను ముందుకు జరగమన్నాడు.

ఆ పిల్ల కదల్లేదు. "వాళ్ళు ఆడ కూసున్నారు కదన్నా," అంది.

వడ్డించే మనిషి ఆ ఖాళీ దగ్గర కూడా ఆగి ఆగి, ఉత్త నేల మీద గరిటె గరిటె పోసుకుంటూ పోయాడు. మట్టి అంబలిని పీల్చేసుకుంది. అంత ఎండలోనూ సుంకన్నకు ఒళ్ళు జలదరించింది. చనిపోయిన పిల్లలా అని పక్కనున్న ముసలి మంత్రసానిని అడిగాడు.

"చచ్చేదానికి పుడితే కదా నాయనా," అందామె. "కరువేడు పుట్టాల్సిన పిల్లల చోటది. ఆ యేడు మా పొయ్యిలల్లో పిల్లి లేయలేదు. ఊళ్ళో ఒక్క ఆడదీ ముట్టు కాలేదు. చేతబడి అనుకొని ఒకామె పళ్ళు రాలగొట్టి తరిమినాము. మళ్ళేడు వానలు పడినాయి, కొర్ర పండింది, కోడండ్లంతా వరసబెట్టి నెల తప్పినారు. ఆయమ్మ యాడ చచ్చిందో."

ఇద్దరూ తిరుగుదారి పట్టారు.

"ఆడదాని ఒళ్ళు ఎన్ని కరువులు దాటొచ్చిందో," అన్నాడు స్వామి. "గింజ లేనప్పుడు గర్భం మూసుకోవడం చేతకాని తల్లులు బిడ్డతో సహా పోయినారు. మనమంతా మిగిలినవాళ్ళ సంతానం."

సుంకన్న వెనక్కి చూసుకుంటూ నడుస్తున్నాడు. చిన్న చిన్న అడుగులు తమ వెంట వస్తున్నట్టే ఉంది. భయం పోగొట్టుకోవడానికి కాస్త గట్టిగానే అన్నాడు.

"మా ఇంట్లో కరువేముంది స్వామీ? గాదె నిండా జొన్నలున్నాయి."

"అందరి తరవాత తినేది ఎవరు?"

"ఓబుళమ్మ." చెప్పగానే సుంకన్న తల సిగ్గుతో వాలిపోయింది. ఆమె ఎప్పుడు తింటుందో, ఏం మిగిలితే తింటుందో అతను ఒక్కనాడూ చూసినవాడు కాదు.

స్వామి నడక ఆపలేదు.

"రెండో పిల్లకూ ఆ కుండ అడుగే కదా పెడతారు?" అన్నాడు.