గీత దాటని అంకెలు

దుగ్గిరాల పసుపు యార్డులో సరుకు నాణ్యం చెప్పే పానకాలుకు, తనకు తెలియని విషయమంటూ ఒకటుందని ఒప్పుకోవడం చేతనయ్యేది కాదు. కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, క్షణంలో తీర్పు చెప్పేవాడు. ఒక రైతు రాశిని పరీక్షించేటప్పుడు పక్క రైతు రాశి ఊసెత్తకూడదన్నది అక్కడి కట్టుబాటు. ముప్పై ఏళ్లలో అతను దాన్ని ఒక్కనాడూ తప్పలేదు.

అరవై రెండో ఏట అతనికి చక్కెర వ్యాధికి తోడు కాలేయానికి కొవ్వు పట్టింది. రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం తనకు చూపించమని డాక్టర్ హైమావతి చెప్పింది.

పానకాలు ఆ కాగితాన్ని ఇంట్లోనే ముందేసుకుని, ఒక్కో వరుసనూ ఒక్కో రాశిలా పరీక్షించాడు. నలభై దాటకూడని కాలేయపు ఎంజైములు రెండూ ఆ లోపే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడదని రాసి ఉంది. అతనివి లక్షా యాభై అయిదు వేలు. ఏ అంకే గీత దాటలేదు.

“అంతా బాగుంది. ఇక ఆసుపత్రి దేనికి?” అన్నాడు.

“ఆవిడ కాగితం తెమ్మన్నది. మిమ్మల్నే చదివి మార్కులు వేసుకోమనలేదు,” అన్నది భార్య నాంచారమ్మ.

“కొమ్ము పట్టుకుని లోపలి పుచ్చు చెప్పేవాణ్ణి. నాలుగంకెలు చదవలేనా?”

“మీరు పసుపుకు పండితులు. కాలేయానికి కాదు.”

అతను నవ్వేసి కాగితాన్ని బీరువాలో పెట్టాడు. ఆరు నెలలు గడిచాయి. ఏ నొప్పీ లేకపోవడంతో అతని ధీమా మరింత పెరిగింది.

చివరకు చక్కెర మందుల చీటీ కోసం వెళ్లక తప్పలేదు. నాంచారమ్మ ఆ కాగితాన్నీ సంచిలో వేసుకొచ్చింది. హైమావతి దాన్ని చూసి, ఏదో లెక్క కట్టింది.

“ఒక్కటీ గీత దాటలేదు కదమ్మా!” అన్నాడు పానకాలు.

“దాటలేదు. కానీ మీ వయసు, ఈ రెండు ఎంజైములు, ఈ ప్లేట్‌లెట్లు, నాలుగూ కలిపి లెక్క కట్టాలి. ఒకటి పాయింట్ మూడు లోపు వస్తే నిశ్చింత. మీకు రెండు పాయింట్ ఎనిమిది వచ్చింది.”

“రాశికీ రాశికీ ముడిపెడితే యార్డులో తన్ని తరిమేస్తారమ్మా!”

“అక్కడ రైతులు వేరువేరు, పానకాలు గారూ. ఇక్కడ మనిషి ఒక్కరే.”

అతను కుర్చీలో ముందుకు వంగాడు. “అయితే నా కాలేయం పోయినట్టేనా?”

“అలా అనకండి. ఇది తీర్పు కాదు, కాలేయం గట్టిపడుతోందేమోనన్న అనుమానం. ఎంత గట్టిపడిందో స్కానులో తేలుతుంది.”

స్కానులో తేలింది. కాలేయం గట్టిపడింది, అయితే పూర్తిగా ముదరలేదు.

“అప్పుడే వచ్చి ఉంటే?” అని అడిగాడు పానకాలు.

“ఇంకొంచెం తేలికయ్యేది,” అన్నది హైమావతి మెల్లగా. “బరువు తగ్గండి, చక్కెర అదుపులో పెట్టండి, మద్యం జోలికి పోకండి. పిలిచినప్పుడల్లా రండి. ఇంకా చేయి దాటిపోలేదు.”

బయట బెంచీ మీద కూర్చున్న నాంచారమ్మ ఆత్రంగా లేచి నిలబడింది. అతను ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

“నాకు అర్థం కాలేదన్న సంగతే నాకు తెలియలేదు, నాంచారూ,” అన్నాడు.

ఆమె దెప్పలేదు. “ఇప్పుడు తెలిసింది కదా. పదండి, నడిచే వెళదాం,” అని అతని చేయి పట్టుకున్నది.

ఒక విద్యలో ఆరితేరినవాడు సైతం మరో విద్య ముందు విద్యార్థే; తెలిసినవారిని అడగడానికి సిగ్గుపడేవాడు తనకు తానే చేటు తెచ్చుకుంటాడు.