అర్ధనారి ముక్కుమీది గీత

"పొద్దున మొహానికి వేసిన రంగు చివరి గడప దాకా చెదరకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి, గురువుగారూ?" అని అడిగాడు చెన్నమల్లు. పగటివేషాల బసవలింగం అడిగిన వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. మొహానికి పూసే పసుపురంగు అర్దళం నూరుతూ, "ముందు ఊళ్లోకి పద" అన్నాడు.

చెన్నమల్లు భయానికి కారణం ఉంది. వాళ్ల మేళం ఊరికి వారం రోజులు రోజుకో వేషం కట్టి, ఆఖరి రోజు అర్ధనారీశ్వరుణ్ణి తిప్పుతుంది. కుడి చెంప తెల్లటి శివుడు, ఎడమ చెంప పసుపుపచ్చటి పార్వతి. సగం మొహానికి చేతి తెర అడ్డుపెట్టుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరగాలి. నిరుడు ఇదే ఊళ్లో అతని అన్న మొహాన రెండు రంగులూ కలిసిపోయాయి. జనం అరిష్టమన్నారు. అన్న మళ్లీ రంగు ముట్టలేదు. ఈ ఏడు ఆ వేషం తమ్ముడికొచ్చింది. చెదిరితే ఇతనికీ అదే ఆఖరు.

"గడపకి మూడు నిమిషాలు, అరవై నాలుగు గడపలు. మూడు గంటల పన్నెండు నిమిషాల ఎండ, గురువుగారూ. చెమట పావుగంటకే మొదలవుతుంది."

"చెమటకి లెక్కలు రావురా" అన్నాడు, జనాన్ని నవ్వించడానికి తోడుగా గయ్యాళి ఇల్లాలు సోమిదేవమ్మ వేషం కట్టిన బసవలింగం, కొంగు సర్దుకుంటూ.

గడప గడపకీ చెన్నమల్లు తెర చాటున, రొండిన దోపుకున్న అద్దం తీసి, ముక్కు మధ్య గీత చూసుకుని పొడి అద్దుకున్నాడు. అద్దినకొద్దీ రంగు జారింది. జారినకొద్దీ మళ్లీ అద్దుకున్నాడు. ఎవరు నవ్వినా తన మొహం చూసే అనుకున్నాడు. వాళ్లు నవ్వింది సోమిదేవమ్మ మొగుణ్ణి తిట్టే తిట్లకి.

అరవై నాలుగో గడప దగ్గర పొడి అయిపోయింది. పార్వతి పసుపు వేలెడు మేర శివుడిలోకి పాకింది. ఇంటి పెద్దావిడ రత్తమ్మ అరుగు దిగి ఎదురుగా వచ్చింది. ఇక దాచే దారి లేక చెన్నమల్లు తెర తీశాడు.

రత్తమ్మ ఒక క్షణం చూసింది. కుడి వైపుకి ఒక దణ్ణం, ఎడమ వైపుకి ఒక దణ్ణం పెట్టింది. తర్వాత కుంకుమ భరిణె పట్టుకుని సోమిదేవమ్మ దగ్గరికి వెళ్లింది.

"మా అన్నయ్య ఇంకా సణుగుతూనే ఉన్నాడా, వదినా?" అంది, సోమిదేవమ్మ మొగుడితో వరస కలిపి.

"సణుగుడు ఆగిన రోజున కబురు చేస్తాలే, పాడె కట్టడానికి రండి."

రత్తమ్మ పడీపడీ నవ్వుతూ గడ్డం పట్టుకుని బొట్టు పెట్టింది. చెన్నమల్లు అప్పుడు చూశాడు. గురువు మొహాన రంగన్నది లేదు. ఆమె వేళ్ల మధ్య ఉన్నది నాలుగు రోజుల తెల్లగడ్డం.

ఊరు దాటాక అడిగాడు. "మీ రంగు ఎప్పుడు పోయింది, గురువుగారూ?"

"మూడో గడపలో." బసవలింగం బొట్టు చెరగకుండా మొహం కడుక్కున్నాడు. "నువ్వు నా మొహం చూసి చెబుతావేమోనని అరవై ఒక్క గడపలు చూశాను."