వెదుళ్ళరేవు ఊటమ్మ తల్లి

గోదావరి పాయ ఒడ్డున, వెదుళ్ళరేవు మెట్ల పక్కనే ఊటమ్మ తల్లి గుడి ఉంది. గోపురం చూద్దామని వచ్చేవారికి ముందే మనవి, ఇక్కడ గోపురం లేదు. గర్భగుడిలో కొలువైనది రాతి విగ్రహం కూడా కాదు, పడవ నుండి ఊడదీసిన పాత టేకు చెక్క.

పూర్వం ఇక్కడ పేరోజు అనే వడ్రంగి ఉండేవాడు. చేయి తిరిగినవాడే గానీ, పనిలో వంక పెడితే మనిషి మండిపడేవాడు. ఆయన కూతురు కన్నమ్మను ఎదురుగా ఉన్న లంకలో ఇచ్చారు. వరదొస్తే మునిగే లంక అది, దాటడానికి పడవ లేదు. నిండు చూలాలైన కూతురి కోసం పేరోజు పడవ మొదలుపెట్టాడు. కట్టడం ముగిసినా నీళ్ళలోకి దింపడే! ఇక్కడ చిత్రిక, అక్కడ నగిషీ. ఆషాఢం వచ్చిపడింది.

"అది ఊరేగింపుకా, ఏరు దాటడానికా? అవతల పిల్ల ఉందయ్యా!" అని భార్య అచ్చాయమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

"కారితే నలుగురూ నవ్వరూ?" అన్నాడు పేరోజు.

ఆ రాత్రి ఊటమ్మ తల్లి అతని కలలో కనిపించి, "గట్టు మీద ఎన్నాళ్ళు చూసినా దాని లోపం నీకు కనబడదురా. నీళ్ళలో దింపు, నేను చూపిస్తాను" అని ఆనతిచ్చింది.

తెల్లవారి దింపాడు. పడవ ఒడ్డు దాటకుండానే నిండింది. రేవంతా పగలబడి నవ్వింది. పేరోజుకు తల కొట్టేసినట్టయింది. అచ్చాయమ్మ మాత్రం నీరు ఊరిన చోటల్లా కుంకుమ బొట్టు పెట్టుకుంటూ పోయింది. పేరోజు పడవను గట్టుకు లాగి, మరీ కారిన చెక్కను ఊడదీసి కొత్తది వేశాడు. సందుల్లో నారా గుగ్గిలమూ కూరాడు. ఆ ఊడదీసిన చెక్కే నేటి మూలమూర్తి. మళ్ళీ దింపితే పడవ ఒక పక్కకు ఒరిగింది. అదీ సరిచేశాడు. ఇంకా కొంచెం ఊరుతుండగానే వరద వచ్చేసింది.

ఇక ఆలోచించలేదు. నీళ్ళు తోడిపోసుకుంటూ వెళ్ళి లంకవారిని విడతలుగా దాటించాడు. కన్నమ్మ క్షేమంగా రేవులో దిగింది. దిగుతూనే, "నాన్నా, నా కాళ్ళ దగ్గర ఇంకా ఊరుతోంది, చూసుకో" అంది. ఒక్క మాట పడని ఆ మనిషి కూతుర్ని పట్టుకుని భోరున ఏడ్చి, ఆ చోట తన చేత్తోనే బొట్టు పెట్టాడు.

నేటికీ ఈ చుట్టుపక్కల కొత్త పడవను రంగు వేయకముందే ఇక్కడ నీళ్ళలో దింపుతారు. ముందుగా ఇంటి ఆడపడుచు ఎక్కి దిగి, లోపం చెప్పాలి. "బాగుంది" అని మొహమాటపడితే పూజారిగారు ఊరుకోరు, "ఇంకోసారి ఎక్కి చూడమ్మా" అంటారు. ఆమె చూపిన చోట కట్టినవాడు బొట్టు పెట్టి, ఆమెకు చీర పెట్టాకే కొబ్బరికాయ కొడతారు. అలా బొట్టు పడిన పడవ ఎక్కినవారిని తల్లి చల్లగా ఇల్లు చేరుస్తుంది.