పొగమంచులో పాత డాట్సన్

బర్నబాసు మాస్టారి దగ్గర చేరిన వాళ్ళెవరైనా మొదటి మూడు నెలలూ ఒకే బండి తోలాలి. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఆయన నడిపే హాలులో పన్నెండు కుర్చీలుంటాయి. ప్రతి కుర్చీకీ ఒక స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు, ఎదురుగా పెద్ద తెర. వాటి మీద ఆడే కార్ల పందేల కంప్యూటర్ ఆటలో నాలుగు వందల పైచిలుకు బండ్లున్నాయి. వాటిలో కొత్తవి గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగం కూడా దాటిపోతాయి. మాస్టారు మాత్రం శిష్యుల చేతిలో డెబ్భై ఒకటో సంవత్సరపు డాట్సన్ పెడతారు. నాలుగు తలుపుల, పెట్టెలాంటి జపాను బండి అది. ఇంజను బలం వంద గుర్రాలకు లోపే. జారితే పట్టి నిలిపే ఏర్పాటు ఏదీ అందులో లేదు.

రెండో నెలలో తనూజకు ఓపిక పోయింది. జాతీయ పోటీల్లో ఆడాలని చేస్తున్న ఉద్యోగం మానుకుని వచ్చిన అమ్మాయి. ఒక సాయంత్రం స్టీరింగు వదిలేసి, కుర్చీ ఇటు తిప్పి అడిగింది.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఈ బండితో ఎవర్నీ గెలవలేం. గెలవలేని బండి తోలి నేనేం నేర్చుకోవాలి?"

మాస్టారు వాదించే మనిషి కాదు. పక్క కుర్చీలో కూర్చుని, ఈ హాలులో ఆ డాట్సన్‌ను మొట్టమొదట తోలినాయన సంగతి చెప్పారు. అది నాలుగేళ్ళ కిందటి ఆషాఢంలో జరిగింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం హాలులో పందెం పెట్టారు. జపానులో ఒక కొండ మీది నుంచి కిందికి పద్నాలుగు కిలోమీటర్ల ఘాటురోడ్డు. గెలిచినవాడు చెన్నైలో జరిగే పెద్ద పోటీకి వెళ్తాడు. పదకొండు మంది వచ్చారు. పన్నెండోవాడు వానలో చిక్కుకుని రాలేకపోయాడు. అదే వానకు తలదాచుకోవడానికి కింద బస్టాపులోంచి ఒకాయన మెట్లెక్కి పైకి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. తుండుతో తల తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడి, స్టీరింగుల వంక కన్నార్పకుండా చూస్తున్నాడు.

"లోపలికి రండి. కూర్చోండి," అన్నారు మాస్టారు.

ఆయన పేరు అప్పలసూరి. పాడేరు ఘాటు మీద ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి, తొమ్మిది రోజుల కిందట రిటైరయ్యాడు.

"చేతులు ఊరుకోవడం లేదు బాబూ," అన్నాడు సిగ్గుపడుతూ. "అన్నం కంచాన్ని కూడా స్టీరింగులా తిప్పుతున్నానని మా ఆవిడ ఒకటే నవ్వుతాది."

మాస్టారు ఖాళీ కుర్చీ చూపించారు. ఆయన కూర్చోగానే చేత్తో ఎడమపక్క తడిమాడు. "గేరు రాడ్డేదీ?" అన్నాడు. కుర్రాళ్ళంతా స్టీరింగు వెనకున్న మీటలతోనే గేర్లు మార్చేవాళ్ళు కాబట్టి రాడ్డు ఎప్పుడో విప్పి మూల పడేశారు. మాస్టారు దాన్ని తెచ్చి బిగించారు. తర్వాత తెర మీద బండ్లు ఒక్కొక్కటే చూపించారు. స్కైలైన్, సెలికా, రెక్కలు మొలిచినట్టుండే కొత్త బండ్లు, అన్నీ దాటిపోయాయి. డాట్సన్ దగ్గర అప్పలసూరి చెయ్యెత్తాడు.

"ఇది చాలు. దీనికి అద్దాలు పెద్దవి. నాలుగు పక్కలా దారి కనిపిస్తాది."

పందెం మొదలైంది. కనురెప్ప వేసేలోగా పదకొండు బండ్లూ మాయమయ్యాయి. డాట్సన్ మాత్రం రెండో గేరులో, ఎడమపక్కనే, బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగుతోంది. "జపానోళ్ళూ మనలాగే ఎడమపక్కనే తోల్తారేటి!" అని ఆయన సంతోషపడ్డాడు. మలుపు రాగానే పొడుగ్గా హారను కొట్టాడు. హాలంతా ఘొల్లుమంది. ఇంకో మలుపు వచ్చింది. మళ్ళీ హారను. ఈసారి అలవాటు చొప్పున నోరు కూడా కలిపాడు: "పట్టుకోండమ్మా, మలుపు!"

"బాబాయ్, ఎదురొచ్చేవాళ్ళెవరూ లేరు," అన్నాడు హిమకర్. ఆ ఊళ్ళో అతనికంటే వేగంగా తోలేవాడు లేడు.

"లేరని నీకెలా తెలుసు బాబూ? మలుపు తిరిగాక కదా తెలిసేది," అన్నాడు అప్పలసూరి, తెర మీంచి చూపు తిప్పకుండా.

సగం కొండ దిగేసరికి పొగమంచు కమ్మింది. ఆ ఆటలో వాతావరణం తనంతట తనే మారుతుంది. ఎప్పుడు ఏమవుతుందో మాస్టారికి కూడా తెలియదు. నాలుగు గజాల దూరం కూడా కనబడటం లేదు. హిమకర్ రెండు మలుపులు జ్ఞాపకం మీద తిప్పాడు, మూడోది తప్పాడు. బండి రెయిలింగుకు కొట్టుకుంది. ఆట దాన్ని మళ్ళీ రోడ్డు మీద పెట్టింది. మళ్ళీ కొట్టుకుంది. మిగతావాళ్ళ పనీ అంతే. హాలులో విసుగులు, ఒకరి మీద ఒకరు కేకలు మొదలయ్యాయి.

అంతలో పైనుంచి హారను వినిపించింది. మంచులోంచి రెండు పసుపుపచ్చని దీపాలు, రోడ్డు అంచు గీతనే పట్టుకుని, నింపాదిగా దిగివచ్చి హిమకర్‌ను దాటాయి. వెనక ఎర్రదీపాలు కనిపించాయి. అతనికి ఏమనిపించిందో, వాటి వెంట పడ్డాడు. అవి ఎడమకు వాలితే తనూ వాలాడు, నెమ్మదిస్తే నెమ్మదించాడు. మలుపు దాటాడు! ఇంకోటీ దాటాడు.

"ఒరే, బాబాయ్ వెనక రండిరా!" అని అరిచాడు.

ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఏడు వందల గుర్రాల బండ్లు, ఎనిమిది వందల గుర్రాల బండ్లు, ఆ ముసలి డాట్సన్ వెనక బడిపిల్లల్లా వరస కట్టాయి. అప్పలసూరి అద్దంలో చూసుకున్నాడు. వెనక దీపాల బారు కనబడగానే ఆయన భుజాలు వెడల్పయ్యాయని మాస్టారు చెప్పారు. మలుపు దగ్గర ఆయన హారను కొట్టాడు. వెనక హిమకరూ కొట్టాడు. ఆ వెనకవాడూ కొట్టాడు. మరుసటి మలుపుకు పన్నెండు హారన్లు మోగాయి, పన్నెండు గొంతులు కలిసి "పట్టుకోండమ్మా, మలుపు!" అన్నాయి. కింద దుకాణంవాడు ఏం కొంప మునిగిందోనని పైకి పరుగెత్తుకొచ్చాడు.

కొండ దిగేశారు. మంచు విడిపోయింది. ముందు తిన్నని రోడ్డు, అర కిలోమీటరు దూరంలో ముగింపు గీత. అప్పలసూరి సిగ్నలు వేసి, డాట్సన్‌ను ఎడమ అంచుకు తీసి ఆపాడు.

"ఇంక భయం లేదు. పెద్ద బండ్లు మీవి, మీరు ఎల్లండి బాబూ," అని చెయ్యి ఊపాడు.

దారి ఖాళీగా ఉంది. హిమకర్ కాలు నొక్కితే పది పన్నెండు క్షణాల పని. అతను కూడా సిగ్నలు వేసి డాట్సన్ వెనకే ఆపాడు. అతని వెనక ఇంకొకడు. పదకొండు బండ్లూ రోడ్డు పక్కన ఆగిపోయాయి.

అప్పలసూరి హ్యాండ్‌బ్రేకు లాగి, కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. కుర్రాళ్ళంతా అప్పటికే లేచి ఆయన వెనక గుమిగూడారు.

"అందరూ దిగినారా?" అన్నాడు.

"దిగాం బాబాయ్!" అన్నారు. ఆయన నవ్వడం మొదలుపెట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపలేకపోయాడు. వాన ఎప్పుడు వెలిసిందో ఎవరూ గమనించలేదు. చెన్నైకి ఎవరు వెళ్ళాలో తేల్చే పందెం మంగళవారం మళ్ళీ పెట్టుకోవలసి వచ్చింది.

మాస్టారు ఇక్కడితో ఆపారు. తనూజ నవ్వుతోంది, కానీ ఆమె మనసులో ఏదో తేలలేదు.

"అంతా బాగుంది మాస్టారూ. మరి ఆ ఆదివారం గెలిచిందెవరు?"

మాస్టారు లేచి వెళ్ళి ఆమె తెర మీద డాట్సన్‌ను మళ్ళీ కొండ పైన నిలబెట్టారు.

"ఆ మాట ఆ రోజు ఎవ్వరూ అడగలేదమ్మా," అన్నారు.