పడవలో మిగిలిన చుక్క

ఏది ముందో, ఏది తరువాతో నేను కొంచెం తారుమారు చేయవచ్చు. జరిగినవి మాత్రం ఇవే.

నది సముద్రంలో కలిసేచోట ఒక పాత మోటారు నౌక ఉండేది. అది చేపలు పట్టడానికి కట్టింది కాదు, సరుకు మోయడానికీ కాదు. షికారు కోసమే కట్టించిన నౌక. టేకు గదులు, ఇత్తడి కమ్మీలు, పరుపులు వేసిన మంచాలు. అది కదిలితే గట్టున ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి చూసేవారు. అంత అందగత్తెకు ఒకటే లోపం. లోపల నీళ్లు కారేవి.

యజమాని ఎప్పుడు మంచమెక్కినా నుదుటి మీద చుక్క పడేది. చివరికి ఆయన విసిగిపోయాడు.

"వానలు వెళ్లాక వస్తాను. పరుపు తడిగా కనిపించిందా, పడవలు విప్పేవాళ్లకు ఇచ్చేస్తాను. పలక పలకా ఊడదీసి పట్టుకుపోతారు," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట విన్నది సరంగు. నౌకను నడిపేవాడు అతనే. అతనికి వేరే ఇల్లు లేదు, వేరే పని రాదు. ఆ నౌక లేకపోతే తాను ఏమవుతాడో అతని ఊహకు అందలేదు.

చుక్క పడిన చోట లప్పం పెట్టాడు. అక్కడ ఆగి జానెడు అవతల మొదలైంది. అక్కడ తారు పూశాడు. ఈసారి గోడ చెమర్చింది. గోడ సందుల్లో గుడ్డపేలికలు కూరాడు. అలమారలో మడుగు కట్టింది.

"ఎక్కడ కారుతున్నావో చెప్పవే," అని నౌకను బతిమాలాడు.

"నువ్వు మూసినచోట కాదు," అంది నౌక. తేమకు దాని గొంతు బొంగురుపోయింది.

ఇక చేతకాక వదినకు కబురు పెట్టాడు. కారే పడవల రోగం కనిపెట్టడంలో ఆమెకు చుట్టుపక్కల రేవులన్నిటా పేరుంది. ఆ పేరును ఆమె ఎన్నడూ దాచుకోలేదు. రేవులో దిగగానే, "ఏదీ, నేను లేకపోతే మునిగిపోయే పడవ?" అని అందరికీ వినపడేలా అడిగింది.

లోపలికి వచ్చి, అలమారలో మడుగు కట్టిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఛీ, అదేంటొదినా! మురికినీళ్లు!"

"నీ చేతి పులుసు తిని బతికినదాన్ని. ఇవి నన్నేం చేస్తాయి?" అంది. మళ్లీ రుచి చూసింది. "ఉప్పు లేదు. సముద్రం మీద నేరం లేదు మరిదీ. ఇవి వాన నీళ్లు. ముందు నువ్వు పెట్టిన లప్పమంతా పీకు."

"అయ్యో, ఎంత కష్టపడి పెట్టాను!"

"అందుకే పీకమంటున్నాను. సరదాకి పెట్టినదైతే ఈపాటికి అదే ఊడిపోయేది."

సరంగు మనసు చంపుకుని గీకాడు. ఒక్కో మాసిక ఊడుతుంటే దాని వెనక నుంచి నల్లటి పాతనీళ్లు దిగాయి. కింద కర్ర వేలు పెడితే మెత్తగా ఉంది. నౌక పెద్దగా ఊపిరి వదిలింది.

"నీళ్లు రాకుండా నువ్వు ఆపలేదు. వచ్చినవి బయటికి పోకుండా ఆపావు. లోపల కాపురం పెట్టించావు," అంది వదిన. ఆ మాటలో ఎకసెక్కం లేదు.

తలుపులన్నీ తీసి నౌకను ఎండనిచ్చారు. తడితే కర్ర మోగేదాకా ఎండాక వదిన గిన్నెల్లో నీళ్లు కలిపింది. ఒక గిన్నెలో పసుపు, ఒక గిన్నెలో కుంకుమ, ఒక గిన్నెలో నీలిమందు. సరంగును లోపల మంచం పక్కన నిలబెట్టి, తాను పైకెక్కింది. పసుపు నీళ్లు కిటికీ అంచున పోసింది. పోసి కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఆ ఓపిక చూడవలసిందే. నోరు అంత గట్టిదైనా నీళ్లకు మాత్రం ఆమె తొందర చెప్పేది కాదు.

"ఏమైనా వచ్చిందా?"

"రాలేదొదినా."

కుంకుమ నీళ్లు పొగగొట్టం మొదట్లో పోసింది. అవీ రాలేదు. నీలిమందు నీళ్లు నౌక ముక్కు దగ్గర, ఇత్తడి కమ్మీ నాటిన చోట పోసింది. కూర్చుని కునికిపాట్లు పడుతుండగా లోపల నుంచి కేక వినిపించింది.

"నీలం! వదినా, నీలం చుక్క!"

అది నౌక ఆ కొసన పోసిన నీరు. దూలం వెంట, పైకప్పు మాటున, ఎవరికీ కనపడకుండా నడిచి ఈ కొసన మంచం మీద పడింది.

"అంత దూరం నుంచా?" అన్నాడు సరంగు.

కమ్మీని పట్టుకుని ఊపింది వదిన. అడుగున బోల్టు కదిలింది.

"ఎక్కేటప్పుడు అందరూ అక్కడే పట్టుకునేవారు. నేనెప్పుడూ వద్దనలేదు," అంది నౌక.

వదిన ఆ కమ్మీని కొంగుతో ఒకసారి తుడిచింది.

బోల్టు ఊడదీశారు. రంధ్రం ఎండబెట్టి, కొత్త లప్పం పైనుంచి పెట్టి, మెల్లగా బిగించారు. మెత్తబడిన పలకలు మార్చారు. తరువాత వచ్చిన జడివానకు వదిన గది గదికీ తిరిగి దూలాలను చేతి వెనకవైపుతో తాకి చూసింది. ఎక్కడా తడి లేదు.

యజమాని వస్తున్నాడని సరంగు స్నానానికి వెళ్లాడు. అప్పుడు వదినకు కింద ఇంజను గదిలో టప్ మన్న చప్పుడు వినిపించింది. ఇంజను నుంచి నీళ్లలోని పంకాకు వెళ్లే ఇనుప ఇరుసు దగ్గర, నట్టు బిగించిన చోట, ఒక చుక్క వేలాడుతోంది. ఆమె పానా తీసుకుని ఆ చుక్క ఆగేదాకా నట్టు తిప్పింది.

"ఇప్పుడు సంపూర్ణం," అనుకుంది.

యజమాని వచ్చాడు. ఆయన వెనకే పడవలు విప్పేవాళ్లూ వచ్చి గట్టున గునపాలతో కూర్చున్నారు. ఆయన పరుపు నొక్కి చూశాడు, పడుకుని చూశాడు. నుదుటి మీద ఏమీ పడలేదు.

"సరే, నడుపు చూద్దాం," అన్నాడు.

నౌక కదిలింది. కొంత దూరం పోగానే సరంగు మొహం మారింది. ఏదో కమురు వాసన. "ఏమైందే?" అని అడిగాడు. నౌక పలకలేదు. పలకడానికి దాని గొంతులో తడి లేదు. అతను ఇంజను ఆపి కిందికి పరిగెత్తాడు. ఆగిన నౌకను సముద్రపు పోటు మెల్లగా గట్టువైపు నెట్టసాగింది. గట్టున కూర్చున్నవాళ్లు బట్టలు దులుపుకుని లేచారు.

ఇరుసు కాలిపోతోంది.

"దీన్ని ఎవరు బిగించారు?"

"నేనే," అంది వెనకే దిగిన వదిన. "చుక్క కారుతుంటే ఊరుకోమంటావా? నా పేరేం కావాలి?"

"ఎంత పని చేశావొదినా! అది కారడం నాకు తెలియక కాదు. నేనే ఉంచాను. ఆ చుక్క తాగితేనే ఇరుసు తిరుగుతుంది."

నట్టు వదులు చేశాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. తరువాత ఒక చుక్క పడింది. ఆగి, మరొకటి పడింది. ఇంజను మళ్లీ పలికింది.

యజమాని మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు.

"ఇంకా కారుతోందే!"

వదిన అరచేయి చాపి చుక్కను పట్టుకుంది. జీవితంలో ఒక్క చుక్కనూ వదలని మనిషి, దాన్ని అలాగే వేళ్ల సందుల్లోంచి జారనిచ్చింది.

"కారడం లేదండీ బాబుగారూ," అంది. "నడుస్తోందండి."

యజమాని ఆ చుక్కను చూశాడు. కిటికీలోంచి, వెనక్కి పోతున్న గట్టునూ గునపాలనూ చూశాడు. పైకి వెళ్లి, పొడి పరుపు మీద పడుకుని హాయిగా నిద్రపోయాడు.

విశాలా, మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడు సరంగుకూ, వదినకూ, నౌకకూ కూడా పేర్లు ఉండేవి. మీ మేనత్తకు గుర్తున్నాయేమో అడిగి సరిచూడు. దొరకని పేరు ఉంటే, ఆ చోట వేరొకటి పెట్టి పూడ్చకమ్మా. అలా ఉండనీ.