నల్ల ఉమ్మెత్త విన్న మాట

అనగా అనగా, మందుకూ మంత్రానికీ జనం ఒకే మొక్క దగ్గరికి వెళ్ళే రోజుల్లో, ఒక కొండరాజ్యం ఉండేది. కోటకు దూరంగా, రాళ్ళదిబ్బ మీద బయ్యమ్మ అనే మందుల అవ్వ ఉండేది. ఆమె గుడిసె వెనక ఒక నల్ల ఉమ్మెత్త పెరిగేది.

దాని ఆకు వెచ్చచేసి కడితే మోకాళ్ళ వాపు దిగేది. దాని వేరు మతి పోగొడుతుందని మంత్రగాళ్ళు చెప్పుకునేవారు. బయ్యమ్మ ఆకులు కోసేది గానీ, వేరు జోలికి ఏనాడూ పోలేదు.

ఒకనాడు సేనాపతి మల్లినేడు వచ్చాడు. ఆ రాజ్యంలో రాజు ఒక్కడే దొర. అయినా మల్లినేడును అందరూ ‘దొరా’ అనే పిలవాలి. పిలవకపోతే కొరడా లేచేది.

“అవ్వా, ఆ వేరు కావాలి. మా అమ్మకు ఉబ్బసం.”

“ఉబ్బసానికి వేరు దేనికి దొరా?”

“అడిగింది ఇయ్యి. లేకపోతే చేతబడి చేస్తున్నావని దండోరా వేయిస్తాను.”

చేతబడి చేశారంటే శిక్ష ఏమిటో బయ్యమ్మకు తెలుసు. మంత్రం పలకకుండా పళ్ళు రాలగొట్టి, పొలిమేర దాటిస్తారు.

“నాకు ఉన్నవే నాలుగు పళ్ళు దొరా. వాటికి భటులెందుకు? ఒక చెరుకు ముక్క చాలు.”

మల్లినేడు కొరడా మీద చెయ్యి వేశాడు. బయ్యమ్మ సరేనంది.

వేరు తీయడానికి ఒక పద్ధతి ఉంది. మనిషి నీడ మొక్క మీద పడని నడిమధ్యాహ్నం వేళ, వరసగా మూడు రోజులు వెళ్ళాలి. మొదటి రోజు పసుపుదారం కట్టి మొక్కను పిలవాలి. రెండో రోజు వేరు ఎవరికో, ఎందుకో కోరినవాడే నోటితో చెప్పాలి. మూడో రోజు తవ్వాలి.

మొదటి రోజు బయ్యమ్మ దారం కట్టింది. గాలి ఆగింది. మొక్క కిందుగా పోతున్న చీమల బారు ఉన్నచోటే నిలిచిపోయింది.

రెండో రోజు మల్లినేడు ఇద్దరు భటులతో వచ్చాడు.

“అమ్మగారి పేరు చెప్పండి దొరా,” అంది బయ్యమ్మ.

అతడు మొక్క మీదికి వంగాడు. అతనికి వేరు కావలసింది తల్లికి కాదు, రాజు మతి పోగొట్టడానికి. రాజు పేరు పలికితే భటులు వింటారు, తల పోతుంది. అందుకని గొంతు తగ్గించి, “దొరకు మతి పోవాలి,” అన్నాడు.

పక్కనే ఉన్న బయ్యమ్మకు ఆ మాట వినిపించింది. సాయంత్రం విచ్చుకోవలసిన పువ్వు ఆ ఎండలో విచ్చుకుంది. మెల్లగా మల్లినేడు వైపు తిరిగింది.

“పేరు చెప్పలేదు దొరా! దానికి మనుషులు తెలియరు, విన్న పిలుపే తెలుసు. ఆ మాట వెనక్కి తీసుకోండి దొరా.”

“నోరు ముయ్యి.”

మూడో రోజు అతడు గునపం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని నేల మీద పెట్టేసింది.

“నేను తవ్వను దొరా. ఒకరి మతి పోగొట్టడానికి నా చెయ్యి రాదు. కావాలంటే నా పళ్ళు రాలగొట్టించండి.”

“నీ పని తరవాత చూస్తాను,” అని మల్లినేడు తానే తవ్వాడు. వేరు పట్టి లాగాడు. అది తడి గుడ్డ చిరిగినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది.

కాసేపటికి పొద్దు వాలింది. భటుల నీడలు సాగాయి. బయ్యమ్మ నీడ సాగింది. మల్లినేడు కాళ్ళ దగ్గర మాత్రం ఏ నీడా లేదు. అతడు గాలిలో లేని దారాలు ఏరుకుంటున్నాడు.

“దొరా, ఏమైంది దొరా?” అన్నాడు ఒక భటుడు.

“దొర ఎవరు?”

“మీరే కదా!”

మల్లినేడు ఒకసారి తన వెనక్కి తిరిగి చూశాడు. “ఇక్కడ ఎవరూ లేరే,” అన్నాడు.

బయ్యమ్మ అతని చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి నడిపించుకుపోయింది. రాజుకు సంగతి తెలిసి, తీర్పు చెప్పడానికి అతన్ని సభలో నిలబెట్టి పేరు పెట్టి పిలిచాడు. మూడుసార్లు పిలిచినా అతడు పలకలేదు.

మొక్కకు మంచీ చెడూ లేవు. దాని ముందు నిలబడి ఎదుటివారికి ఏమి కోరుకుంటామో, అదే మనకు దక్కుతుంది.