ముందు పళ్ళు లేని రాక్షసుడు

అనగనగా అంటూ నవ్వుతూ మొదలుపెట్టాల్సిన కథే పిల్లలూ. కానీ ఇది చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా వినండి.

ఒక ఏటికి ఈ గట్టున శంఖవరం, ఆ గట్టున చక్రవరం అని రెండు రాజ్యాలు ఉండేవి. ఏటి నడుమ ఉన్న లంక మాదంటే మాదని పెద్దలు కొట్టుకునేవారు. పిల్లలకు ఆ గొడవే పట్టేది కాదు. రెండు గట్ల పిల్లలూ ఆ లంక దగ్గరే ఈతలు కొట్టేవారు, దోసకాయలు పంచుకు తినేవారు.

అది చూసి శంఖవరం రాజు కీర్తిసేనుడు మండిపడ్డాడు.

"పగ తెలియని పిల్లలు రేపు కత్తి ఎలా పడతారు? వీళ్ళకొక బొమ్మల పుస్తకం కావాలి" అన్నాడు.

చూశారా బుద్ధి! పాలపళ్ళయినా పూర్తిగా ఊడని పిల్లలకు పగ నేర్పడానికి పుస్తకం!

బొమ్మలు గీసే ముత్యాలవ్వను రాజు పిలిపించాడు. "చక్రవరం వాళ్ళను రాక్షసుల్లా గీయి. మొదటి పుటలో పులిగోళ్ళు, రెండో పుటలో కొమ్ములు, మూడో పుటలో కోరలు పెట్టు" అన్నాడు.

"ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళకు గోడల మీద బొమ్మలు వేసి వచ్చినదాన్ని ప్రభూ! అలాంటివి ఒక్కరికీ చూడలేదు."

"చూసింది కాదు, చెప్పింది గీయి."

"పిల్లలకు అబద్ధం గీయను" అంది అవ్వ.

రాజు ఆమె కుంచెలు లాక్కుని కోటలోంచి వెళ్ళగొట్టాడు. కానుకలకు ఆశపడి ఇంకొకడు ఆ బొమ్మలు గీసిచ్చాడు. పుస్తకం ఇంటింటికీ చేరింది. పిల్లలు భయపడి లంకకు వెళ్ళడం మానేశారు. రాజు సంబరపడ్డాడు, సిగ్గు లేకుండా.

ఆ వానాకాలం ఏటికి వరద వచ్చింది. రాజుగారి ఏడేళ్ళ కూతురు చారుశీల రేవులో కాలుజారి కొట్టుకుపోయింది. ఒక తాటిదుంగ దొరికితే పట్టుకుంది. దుంగ పెద్ద సుడి వైపు పోతోంది.

చక్రవరం జాలరి నూకయ్య చూసి పడవ తెచ్చాడు. "రా తల్లీ!" అని చెయ్యి చాచాడు.

"వద్దు! నీకు పులిగోళ్ళుంటాయి!"

నూకయ్య చెయ్యి తిప్పి చూపించాడు. "తెడ్లేసి తెడ్లేసి ఉన్న గోళ్ళే అరిగిపోనాయమ్మా!"

"అయితే తలపాగాలో కొమ్ములుంటాయి!"

తలపాగా తీసి ఏట్లో విసిరేశాడు. నున్నటి బట్టతల కనిపించింది.

"మరి కోరలు? నేను పుస్తకంలో చూశాను!"

సుడి ఇక బారెడు దూరంలో ఉంది. నూకయ్య నోరు బార్లా తెరిచాడు. "సూడు తల్లీ! ఉన్న పళ్ళే ఊడిపోతంటే నాకు కోరలెక్కడివి?"

అతనికి ముందు పళ్ళు రెండూ లేవు. చారుశీలకూ లేవు! ఏడుస్తూనే ఫక్కున నవ్వి చెయ్యి అందించింది.

పిల్లను కోటకు తెచ్చిన నూకయ్యకు రాజు ముత్యాల హారం ఇవ్వబోయాడు. జాలరికి కోపం ఆగలేదు.

"నాకెందుకు బాబూ ఈ హారం! కాపాడబోతే నన్ను సూసి మూడుసార్లు బెదిరిపోయింది బిడ్డ. ముంచబోయింది ఏరు కాదు, మీ పుస్తకం!"

తడిబట్టలతోనే చారుశీల తండ్రి ముందుకు వచ్చింది. "మాకు అబద్ధం ఎందుకు చెప్పారు నాన్నగారూ?" అని గట్టిగా అడిగింది.

మర్నాడు రాజు తనే ముత్యాలవ్వ ఇంటికి వెళ్ళి కుంచెలు తిరిగి ఇచ్చాడు. "ఆ కోరలు చెరిపెయ్యి అవ్వా" అని బతిమాలాడు.

"చెరిపితే మరక మిగులుతుంది ప్రభూ. కొత్త పుస్తకం గీస్తాను. ఈసారి మీరు చెప్పింది కాదు, నేను చూసింది."

అవ్వ నూకయ్యనూ చారుశీలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మొదటి బొమ్మ గీసింది. ఇద్దరూ నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. ఇద్దరికీ ముందు పళ్ళు లేవు. ఆ పుస్తకం రెండు గట్లకూ వెళ్ళింది, పిల్లలు మళ్ళీ లంక చేరారు.

పెద్దల తగువు ఇంకా తీరలేదట. కానీ కత్తులు పక్కన పెట్టి మాట్లాడుకుంటున్నారట. ఆ మాత్రం బుద్ధి ముందే ఉంటే పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చేదా?

పిల్లల పుస్తకంలో పగ గీసేవాడు, రేపు తన బిడ్డను కాపాడే చేతిని చెరిపేస్తున్నాడు.